మాయ ఒకటా, రెండా? కవలల తల్లుల ప్రశ్నలు, జవాబులు

కడుపులో ఇద్దరు, ముగ్గురు పెరుగుతున్న తల్లులూ, వాళ్ళ ఇంట్లోవాళ్ళూ పంపిన ఉత్తరాల్లోంచి కొన్నిటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాం.

నాకు మూడో నెల. స్కానింగ్‌లో కవలలని తేలింది. రిపోర్టులో 'ఎం.సి.డి.ఎ.' అని ఉంది. నాలుగో నెల నుంచి రెండు వారాలకోసారి స్కానింగ్‌కి రమ్మంటున్నారు డాక్టరమ్మ. మా తోటికోడలికీ కవలలే, ఆవిడకి నెలకోసారే తీశారు. ఇన్ని స్కాన్లు నిజంగా అవసరమా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

అవసరమేనమ్మా. ఒక్కటి కూడా మానకండి. మీ తోటికోడలి గర్భం, మీ గర్భం ఒకే రకం కాకపోవచ్చు.

కవలలని తెలియగానే అడగాల్సిన మొదటి ప్రశ్న మాయ ఒకటా, రెండా అన్నదే. 'ఎం.సి.' అంటే పిల్లలిద్దరికీ కలిపి ఒకటే మాయ. 'డి.ఎ.' అంటే ఉమ్మనీటి సంచులు మాత్రం ఎవరిది వాళ్ళకే. 'డి.సి.డి.ఎ.' అని ఉంటే మాయలూ రెండే, సంచులూ రెండే. ఆ రకానికి 20 వారాల నుంచి నాలుగు వారాలకో స్కాన్ సాధారణంగా సరిపోతుంది. మీ తోటికోడలిది బహుశా అదే.

మాయ ఒకటే అయితే ఇద్దరి రక్తనాళాలు అందులో కలిసి ఉంటాయి. చాలామందిలో ఇచ్చిపుచ్చుకోవడం సమానంగా సాగిపోతుంది. కానీ నూటికి 10 నుంచి 15 గర్భాల్లో ఒక బిడ్డ రక్తం అదేపనిగా రెండో బిడ్డకు వెళ్ళిపోతుంది. ఇచ్చే బిడ్డకు రక్తం చాలక మూత్రం తగ్గుతుంది. ఉమ్మనీటిలో ఎక్కువ భాగం బిడ్డ మూత్రమే కాబట్టి ఆ సంచి ఎండిపోతుంది. పుచ్చుకునే బిడ్డకు గుండె మీద భారం పెరుగుతుంది, సంచి ఉబ్బిపోతుంది. స్కాన్‌లో ఒక సంచిలో నీటి లోతు 2 సెంటీమీటర్ల లోపు, రెండో దాంట్లో 8 సెంటీమీటర్ల పైన (20 వారాలు దాటాక 10 పైన) కనిపిస్తే ఈ సమస్య మొదలైందని అర్థం. పది రోజుల్లోనే పరిస్థితి తారుమారు కావచ్చు. 16వ వారం నుంచి రెండు వారాలకోసారి చూడటం అందుకే. సమయానికి పట్టుకుంటే 16 నుంచి 26 వారాల మధ్య సన్నటి గొట్టం లోపలికి పంపి, కలిసిన రక్తనాళాలను లేజర్‌తో మూసేస్తారు. హైదరాబాద్ లాంటి నగరాల్లోని కొన్ని ఫీటల్ మెడిసిన్ (కడుపులోని బిడ్డకు వైద్యం చేసే) కేంద్రాల్లోనే ఇది జరుగుతుంది. అవసరమైతే ఎక్కడికి పంపుతారో మీ డాక్టర్ని ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి.

ఇంకొక మాట. రెండు మూడు రోజుల్లో పొట్ట ఒక్కసారిగా పెరిగి, బిగుసుకుపోయి, ఆయాసం వస్తే స్కాన్ తేదీ దాకా ఆగకండి. ఆ రోజే వెళ్ళండి.

మిగతా పాఠకురాళ్ళకు: రిపోర్టులో ఈ అక్షరాలు లేకపోతే అడిగి రాయించుకోండి. మాయల లెక్క 11 నుంచి 14 వారాల మధ్య బాగా తెలుస్తుంది. రెండు సంచుల మధ్య పొర మాయను తాకేచోట మందంగా, త్రికోణంలా ఉంటే మాయలు రెండు. పలచగా, నిటారుగా దిగితే ఒకటే. తర్వాత్తర్వాత పొర పలచబడుతుంది, పక్కపక్కనున్న రెండు మాయలు అతుక్కుని ఒకటే అనిపిస్తాయి. అప్పుడు ఎంత అనుభవమున్న వాళ్ళకైనా చెప్పడం కష్టం. అచ్చుగుద్దినట్టుండే కవలలందరికీ మాయ ఒకటే అనుకోవడమూ పొరపాటే. వాళ్ళలో దాదాపు మూడోవంతు మందికి మాయలు రెండుంటాయి. ఐ.వి.ఎఫ్. (టెస్ట్ ట్యూబ్ పద్ధతి)లో ఒక్క పిండాన్నే పెట్టినా అది రెండుగా చీలవచ్చు, కాబట్టి వాళ్ళూ ఈ ప్రశ్న అడగాల్సిందే.

మా కోడలికి కవలలు, అయిదో నెల. ముగ్గురి తిండి తినాలి కదా అని పెడుతుంటే కక్కేస్తోంది. రక్తం 9.4 ఉందన్నారు. ఏం పెట్టమంటారు?
– ఒక అత్తగారు, తెనాలి

మీ ఆరాటం అర్థమవుతోంది. కానీ ముగ్గురి తిండి అక్కర్లేదమ్మా. మామూలుగా తినేదానికి రోజుకు సుమారు 600 క్యాలరీలు కలిస్తే చాలు. పెరుగుతున్న గర్భసంచి పొట్టను పైకి నొక్కేస్తుంది. ఒకేసారి కంచం నిండా పెడితే ఇమడదు. మూడు పూటల తిండినే ఆరు సార్లుగా చేసి, కొంచెం కొంచెం పెట్టండి.

పెంచాల్సింది అన్నం కాదు, పప్పూ గుడ్లూ పాలూ. పొద్దున్నే గ్లాసు రాగి జావ, ఓ గంట తర్వాత రెండు పెసరట్లు లేదా ఇడ్లీతో పాటు ఉడికించిన గుడ్డు. పదకొండింటికి జామకాయ. మధ్యాహ్నం ముద్దపప్పు గానీ తోటకూర పప్పు గానీ గట్టిగా, అన్నం కొంచెం తగ్గించి, వారానికి రెండు మూడు సార్లు చేపో చికెనో. సాయంత్రం ఉడికించిన శనగలు లేదా వేరుశనగ ఉండ. రాత్రి భోజనం పెందరాళే, పడుకునే ముందు గ్లాసు పాలు. గుడ్డులో 6 గ్రాములు, పావు లీటరు పాలలో 8 గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్లు, పాలు వదులుకోకండి.

గర్భానికి ముందు సరైన బరువున్న తల్లి కవలలతో మొత్తం 17 నుంచి 25 కిలోలు పెరగాలి. ముందే కాస్త బరువెక్కువుంటే 14 నుంచి 23, ఊబకాయమైతే 11 నుంచి 19. నెలనెలా తూచి కార్డులో రాయించండి. కవలలు నెలలు నిండకుండా పుట్టే అవకాశం ఎక్కువ కాబట్టి ఆఖరి నెలల్లో పెరుగుతుందిలే అనుకోవద్దు.

ఇక రక్తం సంగతి. గర్భిణికి 11 ఉండాలి. 9.4 అంటే మధ్యస్థ రక్తహీనత. తిండితో మాత్రమే పూడేది కాదు. ప్రభుత్వం ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. ఈ స్థాయికి మామూలుగా రోజుకు రెండు ఇస్తారు, డాక్టర్ని అడిగి మొదలుపెట్టండి. చాలా ఇళ్ళలో తప్పు జరిగేది వేసుకునే వేళ దగ్గర. మన భోజనం పెరుగన్నంతో ముగుస్తుంది, వెంటనే ఐరన్ మాత్ర వేసుకుంటే పెరుగులోని కాల్షియం దాన్ని ఒంటపట్టనివ్వదు. కాఫీ, టీ కూడా అంతే. కాల్షియం మాత్రలు టిఫిన్‌తో ఒకటి, రాత్రి భోజనంతో ఒకటి వేయండి. ఐరన్‌ను పదకొండింటికి, సాయంత్రం నాలుగింటికి నిమ్మరసంతో ఇవ్వండి. రెండింటికీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. విరేచనం నల్లగా వస్తే కంగారు పడొద్దు, మాత్ర వల్లే. నెల తర్వాత మళ్ళీ పరీక్ష చేయించండి. ఒక గ్రాము కూడా పెరగకపోతే సెలైన్ ద్వారా ఐరన్ ఎక్కిస్తారు. కవలల కాన్పులో రక్తం ఎక్కువ పోయే ప్రమాదం ఉంది. లోటును ముందే పూడ్చాలి.

నాకు నాలుగో నెల. రోజూ ఆస్పిరిన్ వేసుకోమన్నారు. అది గుండెజబ్బు వాళ్ళ మాత్ర కదా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

మాత్ర అదే, మోతాదు చిన్నది. కవలల గర్భంలో బీపీ పెరిగే ప్రమాదం ఒక్క బిడ్డ ఉన్నప్పటికంటే ఎక్కువ. అందుకే చాలామందికి 12 వారాలు దాటాక, వీలైతే 16 లోపు, 75 నుంచి 150 మిల్లీగ్రాముల మధ్య మొదలుపెడతారు. మీ అంతట మీరు మానకండి, మీ చెల్లెలికో స్నేహితురాలికో చెప్పి వేయించకండి. పడనివాళ్ళూ ఉంటారు.

మాత్ర వేసుకున్నా బీపీ చూపించుకోవడం తప్పదు. 140/90 అంటే వెంటనే డాక్టర్‌కి చెప్పాలి, 160/110 అంటే ఆ క్షణమే ఆసుపత్రి. తగ్గని తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, తెల్లారేసరికి ముఖం వాయడం కూడా ఇలాంటివే. అరచేతులు, అరికాళ్ళు రాత్రిళ్ళు విపరీతంగా దురద పెడితే పొడిచర్మం అనుకోకండి. కవలల తల్లుల్లో కాలేయం ఇబ్బందితో ఈ దురద ఎక్కువ కనిపిస్తుంది. రక్తపరీక్ష చేయించాలి.

ఆరో నెల. కవలలని ఇంట్లో మంచం దిగనివ్వడం లేదు. అలా పడుకుంటే నెలలు నిండుతాయా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

నిండవు. పూర్తి పడక విశ్రాంతి ముందస్తు కాన్పును ఆపుతుందని రుజువు కాలేదు. పైగా కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, కండరాలు నీరసిస్తాయి. మీ వాళ్ళకు ఈ జవాబు చదివి వినిపించండి. డాక్టర్ ప్రత్యేకంగా వద్దనకపోతే మెల్లగా నడవండి, తేలికపాటి ఇంటిపని చేసుకోండి. బిందెలు మోయడం, గంటల తరబడి నిలబడటం మానండి. మధ్యాహ్నం ఓ గంట పక్కకు తిరిగి పడుకోండి. గర్భసంచి ముఖద్వారానికి కుట్టు కూడా కవలలున్న ప్రతివాళ్ళకీ వేసేది కాదు.

మంచం కంటే ముఖ్యమైనది నొప్పులు గుర్తుపట్టడం. పొట్ట మీద అరచెయ్యి పెట్టి చూడండి. రాయిలా గట్టిపడి మళ్ళీ వదులవుతుంటే, నొప్పి లేకపోయినా లెక్కపెట్టండి. రెండు గ్లాసుల నీళ్ళు తాగి, ఎడమవైపు తిరిగి పడుకుని గంటసేపు చూడండి. గంటలో నాలుగుసార్లు దాటితే బయల్దేరండి. నీరు కారినా, రక్తం కనిపించినా, పిల్లల కదలిక తగ్గినా ఆ గంట కూడా ఆగొద్దు.

ఎందుకింత తొందరంటే, 34 వారాల లోపు కాన్పయ్యేలా ఉంటే పిల్లల ఊపిరితిత్తుల కోసం తల్లికి స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. డెక్సామెథసోన్ అయితే 6 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకోసారి, నాలుగు. అది బాగా పనిచేయడానికి కనీసం ఒక రోజు పడుతుంది. మీరు ఇంట్లో 'చూద్దాంలే' అని గడిపే రాత్రి ఆ రోజులోంచే పోతుంది.

మా అమ్మాయి హైదరాబాద్‌లో ఉంటుంది, కవలలు, మాయలు రెండు. తొమ్మిదో నెలలో శ్రీకాకుళం తీసుకొచ్చి కాన్పు చేయించాలనుకుంటున్నాం.
– ఒక తండ్రి, శ్రీకాకుళం

తొమ్మిదో నెల చాలా ఆలస్యమండీ. కవలల్లో సగం మందికి పైగా 37 వారాలు నిండకుండానే పుడతారు. తీసుకురావాలంటే 28 వారాల లోపే, డాక్టర్ సరేనన్నాకే. లేదా మీ ఆవిణ్ణే హైదరాబాద్ పంపండి, మాకైతే అదే మంచిదనిపిస్తోంది.

తీసుకొచ్చేట్టయితే ముందు ఆసుపత్రి చూసుకోండి. నెలలు నిండని పిల్లల వార్డు, అందులో ఒకేసారి రెండు పడకలు, రాత్రివేళ కూడా మత్తు డాక్టర్, దగ్గర్లో రక్తనిధి – ఈ నాలుగూ ఉన్నాయా అని అడగండి. అవి లేనిచోట కాన్పయ్యి పసివాళ్ళను అంబులెన్సులో తరలించడం కంటే తల్లి కడుపులో ఉండగానే పెద్దాసుపత్రికి చేర్చడం ఎంతో మేలు. రైల్లో కింది బెర్తు తీసుకోండి, గంట రెండు గంటలకోసారి లేచి నడవమనండి. స్కాన్ ఫైలు, బ్లడ్ గ్రూపు కాగితం చేతిసంచిలో ఉండాలి. ప్రభుత్వాసుపత్రుల్లో ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు స్పెషలిస్టు డాక్టర్లు ఉచితంగా చూస్తారు. వచ్చాక మొదటి 9నే చూపించండి. అత్యవసరమైతే 108.

'ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు' అని ఎవరైనా అంటే నమ్మకండి. కడుపులో గడిచిన ప్రతి వారం బిడ్డకు బలమే.

ఐ.వి.ఎఫ్. తర్వాత ముగ్గురని తేలింది. మిగతా జాగ్రత్తలు కవలలకు చెప్పేవేనా?
– ఒక జంట, విశాఖపట్నం

అవే, ఇంకాస్త గట్టిగా. ముగ్గురిలో ఎవరెవరికి మాయ ఉమ్మడిగా ఉందో 14 వారాల లోపే తేల్చుకోండి. 35 వారాలు దాటనివ్వరు, అంతకన్నా ముందే పుట్టడం సర్వసాధారణం. ఫీటల్ మెడిసిన్ నిపుణులున్నచోటే మొదటినుంచీ చూపించుకోండి. పిండాల సంఖ్య తగ్గించే విషయం డాక్టర్ ఎత్తితే ఇద్దరూ కలిసి వెళ్ళి, లాభనష్టాలు రెండూ అడిగి, తొందరపడకుండా తేల్చుకోండి. ఏ నిర్ణయమైనా మీదే, బంధువులది కాదు.

కవలలంటే ఆపరేషన్ తప్పదా? 34 వారాలు. మొదటి కాన్పు మామూలుగానే అయింది.
– ఒక పాఠకురాలు, వరంగల్

తప్పదని లేదు. కవలల కాన్పు మీద 2013లో వెలువడిన పెద్ద అంతర్జాతీయ పరిశోధనలో, మొదటి బిడ్డ తల కిందికి ఉన్నప్పుడు ముందే నిర్ణయించుకున్న ఆపరేషన్ వల్ల పిల్లలకు అదనపు మేలేమీ కనిపించలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే. కాబట్టి మీరు అడగడం న్యాయమే.

మొదటి బిడ్డ తల కిందికి ఉండాలి, రెండో బిడ్డ మరీ పెద్దగా ఉండకూడదు, ఇద్దరి గుండె చప్పుడూ విడివిడిగా చూస్తూ ఉండాలి, అవసరమైతే నిమిషాల్లో ఆపరేషన్ చేయగలగాలి. మొదటి బిడ్డ పుట్టాక రెండో బిడ్డ అడ్డం తిరగవచ్చు. చేత్తో సరిచేసి తీయడం వచ్చిన డాక్టర్ ఉన్నారా అని కూడా అడగండి. లేకపోతే ఆపరేషనే క్షేమం. ఇద్దరూ ఒకే సంచిలో ఉంటే మాత్రం బొడ్డుతాళ్ళు పెనవేసుకుంటాయి కాబట్టి 32 – 34 వారాల మధ్య ఆపరేషన్ తప్పదు. మిగతావాళ్ళలో మాయలు రెండైతే 37వ వారంలో, ఒకటైతే 36వ వారంలో కాన్పు చేస్తారు. తిథి, నక్షత్రం కోసం అటూ ఇటూ జరపమని అడగకండి.

మీ గ్రూపు రక్తం ఇవ్వగలిగిన ఇద్దరికి ఇప్పుడే చెప్పి ఉంచండి. పిల్లలను వార్డులో పెడితే, పుట్టిన గంట రెండు గంటల్లోనే చేత్తో ముర్రుపాలు పిండడం మొదలుపెట్టాలి, రోజుకు కనీసం ఎనిమిది సార్లు, రాత్రి ఒకసారైనా. మొదటి రోజు చెంచాడే వచ్చినా అదే ఇద్దరికీ పంచి పట్టించమనండి. ఐరన్ మాత్రలు కాన్పుతో ఆపేయకండి, ఇంకో 180 రోజులు వేసుకోవాలి.