దిమ్మ తిరిగింది, స్కాన్ నార్మల్... మరి కూతకు పంపొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్లు. గుంటూరులో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. కాలేజీ కబడ్డీ జట్టులో రైడర్. ఐదు రోజుల కిందట ప్రాక్టీసులో కూతకు వెళ్లినప్పుడు, పట్టుకోబోయిన అమ్మాయి మోకాలు కణతకు తగిలింది. దిమ్మ తిరిగి కాసేపు అలాగే కూర్చుండిపోయిందట. మొహం కడిగించి పది నిమిషాల్లో మళ్లీ ఆడించారు. ఆ రాత్రి ఒకసారి వాంతి అయింది. మర్నాడు సీటీ స్కాన్ తీయిస్తే నార్మల్ అన్నారు. తలనొప్పి మాత్రం తగ్గలేదు. పుస్తకం పట్టుకుంటే కళ్లు లాగుతున్నాయంటోంది. వచ్చే వారం ఇంటర్ కాలేజియేట్ పోటీలు. ‘స్కాన్ నార్మల్ కదమ్మా, ఏం కాదు’ అంటున్నారు పీడీ సార్. పోటీల్లో ఏం జరిగినా కాలేజీకి సంబంధం లేదని రాసిన కాగితం మీద నన్ను సంతకం పెట్టమంటున్నారు. పంపమంటారా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: వద్దమ్మా. వచ్చే వారం పోటీలకు పంపకండి. సంతకం సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు తల సంగతి చూద్దాం.

‘దిమ్మ తిరిగింది’ అని మీరు రాశారే, దాన్నే మేం కంకషన్ అంటాం. దెబ్బకు మెదడు ఒక్కసారి కుదుపుకు గురై, కొన్నాళ్లపాటు దాని పని గాడి తప్పుతుంది. సీటీ స్కాన్‌లో కనిపించేవి లోపలి రక్తస్రావం, ఎముక విరగడం లాంటివి. అవి లేవని తేలింది కాబట్టి ఆ భయం చాలావరకు తీరినట్టే. కానీ పనిలో వచ్చిన తేడా ఫిలిం మీద పడదు. ఫ్యాన్‌ను ఫొటో తీసి చూస్తే రెక్కలు బాగున్నాయో లేదో తెలుస్తుంది గానీ, స్విచ్ వేస్తే తిరుగుతుందో లేదో తెలియదు కదా!

స్పృహ తప్పితేనే ప్రమాదం అనుకుంటారు చాలామంది. నిజానికి కంకషన్ అయినవాళ్లలో ఎక్కువమందికి స్పృహ తప్పదు. ఓసారి ఒక కబడ్డీ కుర్రాడు ఆట బనీనుతోనే నా దగ్గరకు వచ్చాడు. నడుచుకుంటూ వచ్చాడు, పేరు చెప్పాడు, నవ్వాడు. కూర్చున్నాక పక్కనున్న స్నేహితుణ్ని ‘స్కోరెంతరా?’ అని అడిగాడు. అతను చెప్పాడు. నేను బీపీ పట్టీ చుట్టేలోపు మళ్లీ అదే ప్రశ్న. పట్టీ విప్పేటప్పుడు ఇంకోసారి. దెబ్బ తగిలాక కూడా వీడు రెండు రైడ్లు చేశాడని ఆ స్నేహితుడు గొప్పగా చెబుతుంటే నాకు చెమటలు పట్టాయి.

మానకముందే తలకు మరో దెబ్బ తగిలితే మెదడు వాచి ప్రాణం మీదకు రావచ్చు. అది అరుదే, కానీ జరిగితే అది ఎక్కువగా ఈ వయసు వాళ్లకే. తరచుగా కనిపించేది వేరు. చూపు, కాళ్లు ఒకదానికొకటి అందుకోవు. తప్పుకోవాల్సిన పట్టు నుంచి అర క్షణం ఆలస్యంగా తప్పుకుంటారు. మోకాలో మడమో పోతుంది, లేదంటే పది రోజుల్లో తగ్గాల్సిన తలనొప్పి నెలల తరబడి వేధిస్తుంది.

అలాగని చీకటి గదిలో పడుకోబెట్టక్కర్లేదు. మాకు చదువుకునే రోజుల్లో అదే నేర్పారు. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అంతర్జాతీయ నిపుణులు కూర్చుని ఆ పద్ధతి వద్దని తేల్చారు. పూర్తి విశ్రాంతి కాదు, మొదటి ఒకటి రెండు రోజులు పనులు, ఫోను తగ్గిస్తే చాలన్నారు. మీ అమ్మాయికి ఆ రెండు రోజులు దాటాయి కాబట్టి పొద్దున్నే కాసేపు నడవనివ్వండి. ముందు క్లాసులకు ఇబ్బంది లేకుండా వెళ్లగలగాలి, ఆట ఆ తర్వాత. నడకతో తలనొప్పి పెరగకపోతే మెల్లగా సైకిల్, జాగింగ్. ఆపైన ఒంటరిగా అడుగుల ప్రాక్టీసు. ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు. తలనొప్పి పూర్తిగా పోయాకే జట్టుతో కలిసి, అదీ ఎవరూ ముట్టుకోకుండా. పట్టులు, మ్యాచ్‌లు డాక్టర్ చూసి సరేనన్నాకే. మధ్యలో తలనొప్పి బాగా పెరిగితే ఆ రోజుకు ఆపేసి, మర్నాడు మళ్లీ ప్రయత్నించాలి. లెక్క వేయండి, అంతా సజావుగా సాగినా వారంలో తేలే పని కాదు.

నొప్పికి పారాసిటమాల్ చాలు. మెడికల్ షాపులో ఇచ్చే ఒళ్లునొప్పుల బిళ్లలు సొంతంగా వాడొద్దు. బిళ్ల వేసుకుని ప్రాక్టీసుకు వెళ్లడమైతే అసలే వద్దు, నొప్పి ఉందో పోయిందో మనకే తెలియకుండా పోతుంది. కొన్నాళ్లు స్కూటీ తాళాలు మీ దగ్గరే ఉంచుకోండి. తలనొప్పి ఎక్కువవుతున్నా, వాంతులు మళ్లీ మళ్లీ అవుతున్నా, ఫిట్స్ వచ్చినా, మాట తడబడినా, చెయ్యి కాలు బలహీనపడినా, లేపితే లేవకపోయినా నాకు ఉత్తరం రాస్తూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి.

ఇక ఆ కాగితం. చట్టం ముందు దానికి ఎంత విలువుంటుందో వకీలును అడగండి. డాక్టరుగా నా అభ్యంతరం ఒకటే: అందులో మీ అమ్మాయి తల గురించి ఒక్క ముక్క లేదు. అమెరికాలో కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ, ప్రతి కాలేజీకీ కంకషన్ విషయంలో రాతపూర్వక ప్రణాళిక ఉండాలని 2010లో నిబంధన పెట్టింది. అనుమానం వస్తే ఆటగాణ్ని బయటికి తీయాలి, ఆ రోజు మళ్లీ దింపకూడదు, వైద్యులు ఒప్పుకుంటేనే తిరిగి ఆట. అక్కడా పిల్లలు సంతకం పెడతారు. కానీ ఆ కాగితంలో ఉండేది ‘దెబ్బ తగిలినా, కంకషన్ లక్షణాలు కనిపించినా వైద్య సిబ్బందికి చెబుతాను’ అన్న మాట. అక్కడ అన్నీ సవ్యంగా ఉన్నాయని కాదు, కోర్టు కేసులు బోలెడు నడిచాయి. అయినా రెండు కాగితాలకూ తేడా చూడండి.

మన పీడీ సార్లలో చాలామంది సొంత డబ్బుతో పిల్లలకు అరటిపళ్లు కొనిపెట్టే మనుషులు. వాళ్లను తిట్టి లాభం లేదు. జట్టు గెలవాలన్న టెన్షన్ ఉన్న మనిషినే, ఈ పిల్ల ఆడాలా వద్దా అని తేల్చమనడం తప్పు. ఆడతానని ఏడ్చే పిల్లనూ అడగకూడదు. కాబట్టి సంతకం పెట్టే బదులు ప్రిన్సిపాల్ గారికి మీరే ఒక అర్జీ రాయండి. తలకు దెబ్బ తగిలితే ఆ రోజు ఆట బంద్ అని, మళ్లీ ఆడించాలా వద్దా అన్నది జట్టుతో సంబంధం లేని డాక్టర్ చెప్పాలని, మ్యాచ్ రోజున 108కి ఎవరు ఫోన్ చేస్తారో, గేటు తాళం ఎవరి దగ్గరుంటుందో ముందే తేల్చమని అడగండి. సీజన్ మొదట్లో ఒకసారి గుండె పరీక్ష, ఆడపిల్లలకు హిమోగ్లోబిన్ చూపిస్తే మరీ మంచిది.

మన ఊరి ఎండలకు ఇంకోటి కూడా చేర్చండి: వేసవి శిబిరం పెడితే గ్రౌండు పక్కన ఐసు వేసిన నీళ్ల తొట్టి ఉండాలి. 2018లో అమెరికాలోని మేరీలాండ్ యూనివర్సిటీలో 19 ఏళ్ల అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ప్రాక్టీసులో వడదెబ్బ తగిలి, రెండు వారాలకు చనిపోయాడు. అతణ్ని చల్లటి నీళ్లలో ముంచలేదని తర్వాత విచారణలో బయటపడింది. ఒళ్లు కాలిపోతూ తికమకగా మాట్లాడే పిల్లను ముందు చల్లబరచాలి, ఆస్పత్రికి తర్వాత తీసుకెళ్లాలి.

ఈ వారంలో అమ్మాయిని ఒకసారి న్యూరాలజిస్టుకు చూపించండి. సీటీ ఫిలిం ఎలాగూ పట్టుకెళ్తారు. దాంతోపాటు ఒక చిన్న నోట్‌బుక్ కూడా ఇవ్వండి. ఏ పూట తల ఎంత నొప్పిగా ఉంది, ఎన్ని పేజీలు చదివింది, ఎంతసేపు నిద్రపోయింది అని ఇవాళ్టి నుంచే ఆమె చేతే రాయించండి. డాక్టరుకు ఫిలిం కంటే ఆ నోట్‌బుక్కే ఎక్కువ పనికొస్తుంది.