పసిపిల్లలున్న ఇంట్లో క్రిస్మస్ ఆనవాయితీలు: చెల్లెలి కూతురికి ఒక లేఖ

గుంటూరు

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ప్రభువు పేరిట ఆశీర్వదించి వ్రాయునది. నీ ఉత్తరం అందింది. పెద్దవాడికి ఐదేళ్లు నిండాయి, చిన్నదానికి మాటలు వచ్చాయి, కాబట్టి ఈ సంవత్సరం నుంచి మీ ఇంటికంటూ కొన్ని క్రిస్మస్ పద్ధతులు ఏర్పరచుకోవాలని ఉందనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదనీ వ్రాశావు. ఉత్తరంతో పాటు పంపిన జాబితా కూడా చూశాను. అందులో ఉన్నవన్నీ చేయాలంటే నువ్వు ఉద్యోగం మానుకోవలసి వస్తుంది. నా మాట విని వాటిలో మూడో నాలుగో ఉంచుకొని మిగిలినవి కొట్టివేయి. ఏవి ఉంచుకోవాలో తేల్చుకోవడానికి నాకు తెలిసిన గీటురాయి ఇది: ఇంట్లో ఒకరికి జ్వరం వచ్చిన ఏడాదిలోనూ, చేతిలో డబ్బు ఆడని ఏడాదిలోనూ అది జరపగలిగినదై ఉండాలి, అందులో పిల్లల చేతికి ఒక పని ఉండాలి. మొదటి ఏడాది చేసినది ముచ్చట కిందికే వస్తుంది, మరుసటి ఏడాది పిల్లవాడు తానుగా వచ్చి "అమ్మా, నక్షత్రం ఎప్పుడు కడదాం?" అని అడిగినప్పుడే అది ఆనవాయితీ అయినట్టు.

నక్షత్రం మాట వచ్చింది కాబట్టి దానితోనే మొదలుపెడతాను. బజారులో మడత విప్పితే తయారయ్యే నక్షత్రాలు చవకగానే దొరుకుతాయి, అయినా మొదటిసారి ఇంట్లోనే కట్టమని చెబుతాను. రెండడుగుల పొడవున్న సన్నని వెదురు బద్దలు పది తీసుకొని, ఐదేసి బద్దలను అడ్డదిడ్డంగా పేర్చి కొసలు దారంతో బిగిస్తే రెండు నక్షత్రాలు వస్తాయి. ఆ రెండింటినీ ఎదురెదురుగా పెట్టి ఐదు కొసలనూ కలిపి కట్టి, లోపల బద్దలు ఒకదానినొకటి దాటే ఐదు చోట్లా బెత్తెడు పొడవున్న పుల్లలను నిలబెడితే నక్షత్రానికి పొట్ట వస్తుంది. ఇంతవరకూ పెద్దవాళ్ల పని; వెదురు పేళ్లు గుచ్చుకుంటాయి కాబట్టి ఆ బద్దలను అల్లుడుగారే చాకుతో నున్నగా గీయాలి. కాగితం అతికించేది మాత్రం పిల్లలే. గాలిపటాల కాగితం పలుచగా ఉండి వెలుతురును బాగా పోనిస్తుంది. జిగురు మైదాపిండి ఉడికించి చేసుకో. పురుగు పట్టకుండా పూర్వం అందులో మైలుతుత్తం కలిపేవారు, అది విషం. జిగురు వేళ్లను నోట్లో పెట్టుకునే పిల్లలున్న ఇంట్లో దాని జోలికి పోవద్దు. వెనుకవైపు ఒక రెక్కకు కాగితం అతికించకుండా వదిలిపెట్టి, అందులోనుంచి చిన్న ఎల్‌ఈడీ బల్బు లోపలికి దించు. పాత రకం బల్బు వేడికి కాగితం మాడిపోతుంది.

జనవరిలో దాన్ని దించిన తరువాత చినిగిన కాగితం తీసివేసి చట్రాన్ని మాత్రం అటక మీద దాచిపెట్టు. ఏటేటా అదే చట్రానికి కొత్త కాగితం వేయాలి, రంగు ఎన్నుకునే వంతు ఒక ఏడాది పెద్దవాడిది, మరుసటి ఏడాది చిన్నదానిది. నలుపూ ఊదా కలిపి ఎన్నుకున్నా సరే, మాట్లాడకుండా అదే అతికించండి.

ఇక ఎదురుచూడడం గురించి. పసిపిల్లలకు వారం అన్నా నెల అన్నా తేడా తెలియదు, అందుకే డిసెంబరు వచ్చింది మొదలు "ఇంకా ఎన్ని రోజులు?" అని ప్రాణం తీస్తారు. జర్మనీలోని హాంబుర్గ్ నగరంలో బీదపిల్లల ఆశ్రమం నడిపిన యోహాన్ హిన్రిచ్ విచెర్న్ అనే లూథరన్ పాదిరిగారిని కూడా పిల్లలు అలాగే వేధించారట. ఆయన 1839లో ఒక పాత బండిచక్రం తెచ్చి, మామూలు రోజులకు చిన్న కొవ్వొత్తులూ ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్లని కొవ్వొత్తులూ దాని మీద నిలిపి, రోజుకొకటి వెలిగించేవారు. ఇప్పుడు మన సంఘాల్లో ఆగమన కాలంలో, అంటే క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలంలో, నాలుగు కొవ్వొత్తులు వెలిగించే పద్ధతి దానినుంచి వచ్చినదే. మీ ఇంటికి ఆ నాలుగూ చాలు. ఒక ఇత్తడి పళ్లెంలో అశోక ఆకులో మామిడాకులో పరచి, వెడల్పాటి గాజు గ్లాసుల్లో కొవ్వొత్తులు నిలబెట్టు. ఆగమన కాలపు మొదటి ఆదివారం నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్య ఏదో ఒక తేదీన పడుతుంది; ఆ రోజు రాత్రి భోజనానికి ముందు ఒకటి, మరుసటి వారం రెండు, అలా నాలుగు వరకు వెలిగించాలి. వెలిగించేది నువ్వో అల్లుడుగారో. ఊది ఆర్పే పని పిల్లలది, అదీ వంతులవారీగా. వాళ్లకు ఆర్పడంలోనే సంబరం ఎక్కువ.

కొవ్వొత్తి వెలుగుతున్నంతసేపూ ఒక చిన్న కథ చెప్పు. మొదటి వారం చీకటిలో నడిచే జనులు వెలుగును చూశారన్న యెషయా ప్రవచనం, రెండో వారం బేత్లెహేమును గురించి మీకా చెప్పిన మాట, మూడో వారం మరియ దగ్గరకు గబ్రియేలు దూత రావడం, నాలుగో వారం యోసేపు కల, ఇరవైనాలుగో తేదీ రాత్రి లూకా రెండో అధ్యాయంలో మొదటి ఇరవై వచనాలు. బైబిలు తెలుగు పసివాళ్లకు కొరుకుడు పడదు. అలాగని చదవడం మానవద్దు. ముందు ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో కథ చెప్పి, ఆ తరువాత రెండు వచనాలు ఉన్నవి ఉన్నట్టు చదువు. అర్థం కాకపోయినా ఆ మాటల నడక చెవిలో పడాలి. సండే స్కూల్లో నేను గమనించినంతలో, ఐదు నిమిషాలు దాటితే చిన్నవాళ్ల మనసు కొవ్వొత్తి మైనం మీదికి పోతుంది. కాబట్టి ప్రార్థన క్లుప్తంగా ముగించమని అల్లుడుగారికి ముందే చెప్పి ఉంచు.

అల్లుడుగారి తరఫు వారు బాప్టిస్టు సంఘంవారు కదా. ఆ సంఘాల్లో చాలాచోట్ల ఈ ఆదివారాలను ప్రత్యేకంగా పాటించరు. మీ అత్తగారు వచ్చేసరికి పళ్లెం సిద్ధం చేసి చూపించడం కంటే, ముందుగానే ఆమెతో మాట్లాడి ఒక వారం కథ చెప్పే బాధ్యత ఆమెకు అప్పగించడం మంచిది. క్రిస్మస్ చెట్టు విషయంలోనూ పెద్దలకు పట్టింపులు ఉంటే పట్టుబట్టవద్దు. చెట్టు లేకపోతే పిల్లలకు వచ్చే లోటేమీ లేదు.

డిసెంబరు మొదటి వారం దాటితే పండుగకు ముందే జరుపుకునే సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి. ఆఫీసులో ఒకటి, అపార్ట్‌మెంటులో ఒకటి, అల్లుడుగారి స్నేహితుల ప్రార్థనా కూటంలో ఒకటి, మహిళా సమాజంలో మరొకటి. ప్రతిచోటా కేకూ, బిర్యానీ, తెల్లవారితే పిల్లలకు కడుపునొప్పి. వాటిలో రెండింటికి మాత్రమే పిల్లలను తీసుకువెళ్లు. తక్కినవాటికి మీలో ఒకరు వెళ్లి మొహం చూపించి వస్తే చాలు. పండుగ రోజుకు పిల్లలు అలసిపోయి ఏడుస్తూ ఉంటే అప్పటిదాకా పడిన శ్రమంతా వృథా అవుతుంది.

ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు పాడే క్యారల్స్‌వారు మీ ఇంటికి అర్ధరాత్రి దాటాక వస్తే పిల్లలను నిద్రలేపవద్దు. సంఘపెద్దలను ముందే అడిగి, వరుసలో మీ ఇల్లు మొదట ఉండేలా చూసుకుంటే తొమ్మిదిలోపు వస్తారు. అప్పుడు బిస్కెట్ల పళ్లెం పట్టుకొని గుమ్మంలో నిలబడే పని పెద్దవాడికి, చందా కవరు డబ్బాలో వేసే పని చిన్నదానికి ఇవ్వు. ఇంకొక జాగ్రత్త: క్రిస్మస్ తాత ముఖానికి ప్లాస్టిక్ మాస్కు పెట్టుకొని డప్పు మోతకు గంతులేస్తూ లోపలికి వస్తే, మూడేళ్ల పిల్ల గుండె ఆగినంత పని అవుతుంది. వేషం కట్టిన అబ్బాయిని బయటే ఆపి, పిల్ల ఎదుట మాస్కు ఒకసారి తీసి మళ్లీ పెట్టుకోమను. ఆ తాత వెనుక ఉన్న నికొలాసు నాలుగో శతాబ్దంలో మూర అనే పట్టణానికి బిషప్పు అనీ, పెళ్లి ఖర్చులకు డబ్బులేని ముగ్గురు ఆడపిల్లల ఇంట్లో రాత్రివేళ రహస్యంగా బంగారం పడవేశాడని ఆయన గురించి చెప్పుకుంటారనీ పెద్దవాడికి చెప్పు. ఆయన పండుగ డిసెంబరు 6. ఆ రోజు పిల్లల చేత ఎవరికైనా చెప్పకుండా ఒక చిన్న మేలు చేయించడం మీకు వీలైతే, అది మంచి అలవాటు. చేసిన మేళ్లను గోడమీద గీతలు గీసి లెక్కపెట్టే పద్ధతి ఒకటి నీ జాబితాలో ఉంది. అది నాకు నచ్చలేదు. వారం తిరగకుండానే అన్నాచెల్లెళ్లు గీతల కోసం తగవులాడుకుంటారు.

యేసు పుట్టిన పశువుల పాకను బొమ్మలతో తప్పక పెట్టండి. 1223లో ఇటలీలోని గ్రేచ్చో అనే ఊళ్లో ఫ్రాన్సిస్ భక్తుడు నిజమైన ఎద్దునూ గాడిదనూ నిలబెట్టి జనానికి ఆ దృశ్యం చూపించాడు, మీకు అట్టపెట్టె సరిపోతుంది. ఖరీదైన పింగాణీ బొమ్మలు కొనవద్దు, వాటిని ముట్టుకోవద్దని పిల్లల మీద కేకలు వేయడమే నీ పని అవుతుంది. ఆవు, బండి వంటివి కొండపల్లి కొయ్యబొమ్మల్లో దొరుకుతాయి, మనుషులను మట్టితో పిల్లలే చేస్తారు. పన్నెండో తేదీ ప్రాంతంలో ఒక పళ్లెంలో తడిమట్టి పరచి రాగులో ఆవాలో చల్లించి, రోజూ నీళ్లు చిలకరించే పని చిన్నదానికి ఇస్తే, పండుగనాటికి పాక ముందు పచ్చిక సిద్ధంగా ఉంటుంది. తొట్టి మాత్రం ఖాళీగా ఉండాలి. బాలయేసు బొమ్మను ఇరవైనాలుగో తేదీ రాత్రి కథ చదివిన తరువాతే పడుకోబెట్టాలి. బాలయేసుకు కానుకలు తెచ్చిన జ్ఞానులను పాక దగ్గర పెట్టకుండా వంటింటి కిటికీలో మొదలుపెట్టి, రోజూ కొంచెం కొంచెంగా జరుపుతూ జనవరి 6 నాటికి చేర్చండి. వారు ముగ్గురని మత్తయి ఎక్కడా వ్రాయలేదు, చెప్పినది మూడు కానుకలే. కాబట్టి పెద్దవాడు ఐదుగురిని చేసినా తప్పులేదు.

పిండివంటలకు ఒక శనివారం కేటాయించు. కేకు బేకరీ నుంచి తెచ్చుకో, ఇంట్లో మాత్రం గులాబీ పువ్వులూ కజ్జికాయలూ చేయి. గులాబీ పువ్వులు కాలే నూనెతో పని కాబట్టి అవి చేసేటప్పుడు పిల్లలు వంటింట్లోకి రాకూడదు. గ్లాసు బియ్యప్పిండికి అర గ్లాసు మైదా, అర గ్లాసు చక్కెరపొడి, ఒక గుడ్డు, దోసెపిండి జారుగా వచ్చేవరకు కొబ్బరిపాలు. అచ్చును నూనెలో బాగా కాగనిచ్చి పిండిలో ముప్పాతిక వంతు మాత్రమే ముంచాలి, పైఅంచు మునిగితే పువ్వు ఊడిరాదు. పిండి తగలగానే సుయ్‌మని చప్పుడు రాకపోతే అచ్చు ఇంకా కాగలేదన్నమాట. కజ్జికాయలు పిల్లలకోసం. చెక్కలో పూరీ పరచి, చెంచాడు కొబ్బరిలౌజు పెట్టి, అంచుకు తడి అద్ది మూత నొక్కడం ఐదేళ్లవాడికి తేలికగా వస్తుంది. వాళ్లు చేసినవాటిలో సగం నూనెలో విచ్చుకుంటాయి. ఆ సగాన్ని మీరు తిని, చక్కగా వచ్చినవాటిని డబ్బాల్లో సర్దండి.

ఆ డబ్బాలు పంచిపెట్టడమే మీ ఇంటి అసలు ఆనవాయితీ కావాలని నా కోరిక. మన ఊళ్లలో సంక్రాంతికి ఇరుగుపొరుగువారు మనకు అరిసెలు పంపుతారు, క్రిస్మస్‌కు మనం వారికి పంపుతాము. హైదరాబాదులో మీ అంతస్తులోని నాలుగిళ్లకూ, కాపలాదారు కుటుంబానికీ, పనిమనిషికీ పిల్లలే స్వయంగా వెళ్లి ఇవ్వాలి, నువ్వు వెనుక నిలబడు. గుడ్డు తినని ఇల్లు ఉంటే వారికి కజ్జికాయలు మాత్రమే వేరే డబ్బాలో పెట్టు. పనిమనిషి పిల్లలకు బట్టలు పెట్టదలిస్తే కొత్తవే పెట్టు; మన పిల్లలకు పొట్టి అయిన గౌను ఇవ్వాలనుకుంటే అది మరో నెలలో ఇవ్వవచ్చు, పండుగనాడు వద్దు. మీ పిల్లలకు కొత్తబట్టలు కాక తలా ఒక బహుమతి చాలు, అది కూడా ఇరవైఐదో తేదీ ఆరాధన నుంచి వచ్చాక.

మెదక్ గుడి చూపించాలని వ్రాశావు. సి. డబ్ల్యు. పోస్నెట్ దొరగారు కరువుకాలంలో జనానికి పని కల్పిస్తూ కట్టించిన ఆ గుడి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది, అందుకని పండుగనాడు అక్కడ ఇసుక వేస్తే రాలదు. పసిపిల్లలతో ఆ రోజు వెళ్లవద్దు. డిసెంబరులో ఏదైనా ఒక పనిదినాన సెలవు పెట్టుకొని, ఎండ బాగా ఉన్న వేళకు చేరుకోండి. క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం చిత్రించిన రంగుటద్దాల కిటికీలు పగటి వెలుతురు ఉంటేనే కనిపిస్తాయి. జననం ఉన్న కిటికీ ఎదుట పిల్లలను కూర్చోబెట్టి, ఆవు ఎక్కడుందో, గొర్రెలకాపరి ఎక్కడున్నాడో వెతకమను.

జనవరి 6 తరువాత బొమ్మలు, గాజు గ్లాసులు, నక్షత్రం చట్రం ఒకే చోట పెట్టి, ఈ ఏడాది ఏ పని ఎవరు చేశారో ఒక కాగితం మీద వ్రాసి వాటితోపాటు ఉంచు. వచ్చే నవంబరులో వంతుల దగ్గర పేచీ రాకుండా అది పనికివస్తుంది. గులాబీ పువ్వుల అచ్చు నీ దగ్గర లేదన్నావు కదా, మా ఇంట్లో రెండున్నాయి. వచ్చే నెల మీ పెద్దనాన్న హైదరాబాదు వచ్చేటప్పుడు ఒకటి ఇచ్చి పంపిస్తాను. అది వాడి వాడి నూనె పట్టిన అచ్చు కాబట్టి పిండి అంటుకోదు, సబ్బుపెట్టి తోమవద్దు. అల్లుడుగారిని, మీ అత్తగారిని అడిగినట్టు చెప్పు. పిల్లలకు నా ముద్దులు.

ఇట్లు,
మీ పెద్దమ్మ