వాకింగ్‌తో బీపీ గోలీ తప్పుతదా? నాకైతే తప్పింది

"బీపీ 144/92 ఉంది, రోజూ నడిస్తే గోలీ తప్పుతదా?" అని అడిగినవు కదా తమ్మీ. 46 ఏళ్లకు నాది 148/94. ఐదు నెలలు వడ్డేపల్లి చెరువు కట్ట మీద పొద్దుగాల 40 నిమిషాలు నడిచిన. నడుస్తున్నన్ని రోజులు 136/86 అటుఇటుగా ఉంటుంది. అందరికీ ఇంత తగ్గదు, పై నంబరు ఓ 5 నుంచి 8 తగ్గుడు మామూలని మా డాక్టరమ్మ అన్నది. తొక్కు తగ్గించినందుకే దిగిందని మా ఇంటామె వాదన. నేను ఒప్పుకోను.

మొదలుపెట్టిన రెండో వారంల ఒక ముచ్చటైంది. కట్ట దిగంగనే టేబులేసి ఉచితంగ బీపీ చూస్తున్నరు. చెమటలు కారుకుంటనే పోయి చెయ్యి చాపిన. 168! ఆ పిల్లగాడు పట్టీ విప్పుతూ "అంకుల్, ఇయ్యాల్నే దవాఖానకు పోండ్రి" అన్నడు. వెనుక లైన్ల మా కాలనీ వాళ్లు. ఇంటికొచ్చి ఛాయ్ కూడా తాగలే. సాయంత్రం డాక్టరమ్మ కుర్చీల వెనక్కి ఆనించి, కాళ్లు నేలకు పెట్టించి, 5 నిమిషాలు నోరు మూసుకోమన్నది. 142. "నడిచేటప్పుడు పెరగకపోతే ఇంకెప్పుడు పెరుగుతది? గుండె రక్తం తోడాలె కదా" అని నవ్వింది. అందుకే చెప్తున్న, నడిచొచ్చినంక అరగంటైనా ఆగి చూసుకో. ఛాయ్ తాగి, సిగరెట్ కాల్చి చూసుకోకు.

ఇగ మన కట్ట మీద నడక సంగతి. సగం మంది నడవరు, ప్లాట్ల రేట్లు మాట్లాడుకుంట జరుగుతరు. నలుగురు అడ్డంగ గోడ కట్టినట్టు పోతే వెనకోడు ఏడికెళ్లి పోవాలె? ఇంకొకాయన ఫోన్ల వార్తలు ఊరంతా వినేటట్టు పెడ్తడు, ఆయన సంగతేమో గానీ నా బీపీ పెరుగుతది. మాట్లాడొస్తది గానీ పాట పాడరాదు, అట్ల ఆయాసం రావాలె. వారానికి 150 నిమిషాలు అట్ల నడిస్తేనే లెక్క. కట్ట కింద మిర్చి బండి కాడ నిలబడ్డ టైమ్ అందుల కలపొద్దు.

ఒకటి మాత్రం పైలం. ఇప్పటికే గోలీ వేసుకుంటుంటే నా మాట విని ఆపకు, డాక్టర్‌ను అడుగు.

మొన్న మాఘంల మూడు పెళ్లిళ్లు పడ్డయ్. నెల రోజులు కట్ట ఎక్కలే. మిషన్ మళ్లీ 144 చూపెట్టింది. నడక ఆపినందుకే అని నేనంటున్న. పెళ్లిళ్లల్ల నా విస్తరి మీద ఎన్నిసార్లు తొక్కు పడ్డదో మా ఇంటామె లెక్క తీస్తున్నది.