ఆకు కాదు, రెమ్మ తెంపండి

ప్రశ్న: అమలాపురం దగ్గర పాత ఇల్లు కొన్నాం. గోడవారన నాలుగు చెట్లు, బంతుల్లా గుండ్రంగా కటింగ్ చేసి ఉన్నాయి. పువ్వు లేదు, కాయ లేదు. పక్కింటి పిన్నిగారు పొగడ అంటారు, మా బావగారేమో కోనోకార్పస్, ముందు కొట్టించెయ్యండి అంటున్నారు. ఫోన్‌లో ఆకు ఫొటో తీస్తే ఒక్కోసారి ఒక్కో పేరు చెబుతోంది. ఆకు తెంపితే పాలు వస్తాయి. కొన్ని ఆకులు మధ్యకి ముడుచుకుపోయి లోపల సన్నటి నల్ల పురుగులున్నాయి. ఇదేం చెట్టు? ఉంచాలా, తీసెయ్యాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: పాలు వస్తున్నాయన్నారు కదమ్మా, దాంతో మీ బావగారి మాట పోయింది, కోనోకార్పస్‌కి పాలు రావు. అలర్జీలు తెస్తుందని దానికి చెడ్డపేరు వచ్చినప్పటి నుంచి కటింగ్ చేసిన చెట్టు ఏది కనిపించినా జనం అదే పేరు పెట్టేస్తున్నారు.

పొగడకి మాత్రం పాలుంటాయి, కాబట్టి పిన్నిగారిది మరీ తప్పేం కాదు. తేల్చుకోవాలంటే ఒక్క ఆకు చాలదు, జానెడు రెమ్మ తెంపి చూడండి. కొసన సూదిలాంటి మొగ్గ ఉందా? ఆ మొగ్గని కప్పిన పొర రాలిపోయాక, ఆకు తొడిమ దగ్గర రెమ్మ చుట్టూ ఉంగరంలా సన్నటి గీత మిగులుతుంది. పాలతో పాటు ఆ ఉంగరం కూడా ఉంటే అది మర్రి, రావి, మేడి కుటుంబం. పొగడకి ఆ గీత ఉండదు. ఒక్క ఆకు ఫొటోలో పాలూ కనపడవు, ఉంగరమూ కనపడదు, ఫోన్ మాత్రం ఏం చేస్తుంది పాపం.

నన్నడిగితే మీది ఆ మర్రి, రావి జాతే, నర్సరీ వాళ్లు ఫైకస్ అంటారు. ఆకు ముడుచుకుని లోపల నల్ల పురుగులుండటం వీటికి మామూలే, ఆ ఆకులు తెంపి కాల్చేస్తే సరి. కడియం నర్సరీల్లో ఫైకస్ అంటే బంతులు, గొడుగులు బోలెడు చూపిస్తారు. అందులోనూ ఆకు పల్చగా, కొస తోకలా సాగి ఉంటే బెంజమినా, మందంగా ఉండి కొస పొట్టిగా మొద్దుగా ఉంటే మైక్రోకార్పా. కాకపోతే కత్తెర పడ్డాక వచ్చే కొత్త చిగుళ్లకి ఆకులు ఒక్కోసారి మామూలు కంటే బాగా పెద్దగా వస్తాయి, వాటి సైజు చూసి మోసపోకండి, బంతి లోపల మిగిలిన ముదురాకులు చూడండి. పాలు కంట్లో పడకుండా చూసుకోండి, మంట పుడుతుంది.

ఇక ఉంచాలా అంటే, గోడవారన మాత్రం వద్దంటాను. మన కోనసీమలో నీళ్లు పైపైనే ఉంటాయి, వేళ్లు లోతుకి దిగకుండా పక్కలకి పాకి గోడనీ డ్రైనేజీనీ లేపుతాయి. పైన ఎంత కత్తిరించినా కింద వేళ్లు ఆగవు. దొడ్లో చోటుంటే ఒక్కటి దూరంగా మార్చుకోండి.

ప్రశ్న: భీమవరంలో మా వీధి అశోక చెట్లని సగానికి నరికేశారు. సీతమ్మవారు కూర్చున్న అశోకం ఇదేనా?
– మరో పాఠకుడు

జవాబు: కాదండీ. నిటారుగా పెరిగే ఆ చెట్టు నరమామిడి. ఆకులు విడివిడిగా, పొడుగ్గా, అంచు అలలు అలలుగా ఉంటాయి. అసలు అశోకానికి ఒకే ఈనెకి అటూ ఇటూ జంటలుగా ఆకులుంటాయి, లేత చిగురు ఎర్రగా వాడిపోయినట్టు వేలాడుతుంది. నర్సరీలో అశోక అని అడిగితే చాలాసార్లు నరమామిడే చేతిలో పెడతారు, ఆకు చూశాకే డబ్బులివ్వండి.