చెన్నై నంబర్ కారు, కార్పెట్ కింద బురద: "చూసుకునే కొన్నాం" అని సంతకం పెట్టాక కేసు వెయ్యొచ్చా?

సందేహం: మాది కావలి. సంక్రాంతికి ముందు నెల్లూరులో ఒక కార్ కన్సల్టెన్సీలో చెన్నై నంబర్ ఉన్న 2019 మోడల్ పెట్రోల్ కారు 4,60,000 కి కొన్నాం. నాన్నకి డయాలసిస్ కోసం వారానికి రెండు సార్లు నెల్లూరు పోవాలి, అందుకే బంగారం బ్యాంకులో పెట్టి మరీ తీసుకున్నాం. సింగిల్ ఓనర్, డాక్టర్ గారి బండి, ఎక్కడా ఏ డ్యామేజీ లేదు అని వాట్సాప్‌లో పెట్టారు. రెండు నెలలకే అద్దాలు దిగటం మానేశాయి, ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరటం లేదు, ఒకరోజు ముసునూరు టోల్ గేట్ దగ్గర ఆగిపోయి మళ్ళీ స్టార్ట్ కాలేదు. మా మెకానిక్ కార్పెట్ లేపితే ఎండిన బురద, సీట్ల కింద పట్టాలు తుప్పు, ఇది నీళ్ళల్లో మునిగిన బండి అన్నాడు. కన్సల్టెన్సీ వాళ్ళేమో "చూసుకునే కొన్నాం, తర్వాత మీకు బాధ్యత లేదు అని డెలివరీ నోట్ మీద సంతకం పెట్టారు కదా, పైగా మేము మధ్యవర్తులం" అంటున్నారు. గట్టిగా అడిగితే 60,000 ఇస్తాం, ఇంకేమీ అడగం అని రాసివ్వమంటున్నారు. ఆర్సీ ఇంకా మా పేరు మీదకి రాలేదు. ఇంకో భయం, మా ఆయన రెండు సార్లు తెలిసినవాళ్ళని తిరుపతికి బాడుగకి తీసుకెళ్ళాడు. కేసు నిలబడుతుందా?

జవాబు: నిలబడుతుందమ్మా. కానీ ఒక్క మాట ముందే చెప్పేస్తా, ఆ 60,000 కాగితం మీద మాత్రం ఈ వారం సంతకం పెట్టొద్దు, ఎందుకంటే డెలివరీ నోట్ మీద పెట్టిన సంతకం నిన్ను పెద్దగా ఏమీ చెయ్యలేదు గానీ ఈ రెండోది చేస్తుంది. అన్నీ తెలిశాక, బురద చూశాక, డబ్బు తీసుకుని "పూర్తిగా పరిష్కారం అయింది" అని రాసిస్తే దాన్ని తర్వాత కొట్టించటం చాలా కష్టం, బలవంతం మీద పెట్టానని రుజువు చేసుకోవాల్సి వస్తుంది.

మొదటి సంతకం సంగతికి వద్దాం. "చూసుకునే కొన్నాం" అంటే చూస్తే కనిపించేవి చూసుకున్నాం అని. టైరు అరిగింది, బంపర్ మీద గీత ఉంది, ఏసీ కొంచెం తక్కువ కొడుతుంది, ఇట్టాంటివి నువ్వు చూసి ధర మాట్లాడుకున్నావు, వాటి మీద మళ్ళీ పోయి అడగలేవు. కార్పెట్ కింద ఉన్న బురద అట్టా కాదు. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్ళు కార్పెట్ ఊడదీసి చూడాలని ఏ చట్టమూ అనలేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ ఇప్పటికీ చెప్పేది ఏమిటంటే, తెలిసిన విషయాన్ని పనిగట్టుకుని దాచటం కూడా మోసమే, అట్టా మోసంతో తీసుకున్న ఒప్పందాన్ని మోసపోయినవాళ్ళు రద్దు చేసుకోవచ్చు. బండి కడిగించి, పాలిష్ కొట్టించి, కొత్త సీటు కవర్లు వేసి, పైగా "ఏ డ్యామేజీ లేదు" అని వాట్సాప్‌లో రాసి పంపారు చూడు, ఊరికే నోరు మూసుకుని ఉండటం వేరు, ఇది వేరు. నీ కేసులో ఆ ఒక్క మెసేజ్ డెలివరీ నోట్ కన్నా బలమైంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం సరుకు నాణ్యత గురించి అబద్ధం చెప్పి అమ్మటం అనుచిత వ్యాపార పద్ధతి, సరుకు కొత్తదా పాతదా అన్న తేడా దానికి లేదు. బిల్లు ఇవ్వకపోవటం కూడా ఆ చట్టంలో అనుచిత పద్ధతే, నీకు ఇచ్చింది డెలివరీ నోట్ మాత్రమే అయితే ఆ మాట కూడా ఫిర్యాదులో రాయి.

ఇక్కడ చాలామంది, కొందరు వకీళ్ళు కూడా, ఒక పొరపాటు చేస్తారు. "ఆ బాధ్యత లేదు అన్న షరతే అన్యాయమైన ఒప్పందం, దాన్ని కొట్టెయ్యండి" అని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో అడుగుతారు. అన్యాయమైన ఒప్పందం మీద ఫిర్యాదు వినే అధికారం చట్టం రాష్ట్ర కమిషన్‌కి, ఆపైన జాతీయ కమిషన్‌కి ఇచ్చింది గానీ జిల్లా కమిషన్‌కి ఇవ్వలేదు. ఆ మాట పట్టుకుంటే అవతలి వాళ్ళు అధికార పరిధి లేదని వాయిదాల మీద వాయిదాలు లాగుతారు. నువ్వు లోపమున్న సరుకు, అనుచిత వ్యాపార పద్ధతి, సేవలో లోపం అని ఈ మూడింటి మీదే రాయి, నెల్లూరు జిల్లా కమిషన్‌లోనే హాయిగా నడుస్తుంది.

"మేము మధ్యవర్తులం" అనే మాట నాకు కోర్టులో విని విని అలవాటైపోయింది. నువ్వు డబ్బు ఎవరి ఖాతాకి పంపావు? ఫోన్‌పే, బ్యాంకు ట్రాన్స్‌ఫర్ కన్సల్టెన్సీ ఖాతాకో, దాని ఓనర్ ఖాతాకో పోయి ఉంటే వాళ్ళే అమ్మినవాళ్ళు. పోనీ నిజంగానే పాత ఓనర్ దగ్గర కమిషన్ తీసుకుని అమ్మించారే అనుకుందాం, ఆ కమిషన్ కూడా ఒక సేవకి తీసుకున్న డబ్బే, ఆ సేవలో అబద్ధం చెప్తే దానికీ జవాబు చెప్పాలి. ఇంకోటి, 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో పాత బళ్ళు అమ్మే డీలర్లు రిజిస్టరింగ్ అధికారి దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలని వచ్చింది, ఓనర్ బండి వాళ్ళ చేతికి ఇచ్చినప్పుడు ఫారం 29సి ద్వారా ఆ సంగతి రవాణా శాఖకి తెలియజెయ్యాలి. నీ బండికి అది చేశారా లేదా అని ఆర్టీవో ఆఫీసులో అడిగి రాతపూర్వకంగా తీసుకో. చేసి ఉంటే మధ్యవర్తి అన్న మాట అక్కడితో సరి, చెయ్యకపోతే నిబంధన పాటించలేదన్న సంగతి నీకు పనికొస్తుంది.

అసలు కేసంతా రుజువు మీద ఉంది, అది మాత్రం నిదానంగా చదువు. బురద ఉందని నువ్వు ఫోటో పెడితే అవతలి వకీలు అడిగే మొదటి ప్రశ్న, రెండు నెలలు మీరే తిప్పారు కదా, మీరే ఏ కాలువలోనో దించారేమో అని. కాబట్టి బురద ఉందని చూపిస్తే చాలదు, అది నీకన్నా ముందుదని చూపించాలి. సీటు పట్టాల తుప్పు, సీటు బెల్టు పూర్తిగా లాగితే లోపలి చివర్న కనిపించే మట్టి మరక, ఫ్యూజ్ బాక్సులో, వైరింగ్ కనెక్టర్లలో పచ్చగా పట్టిన చిలుము, ఇవి రెండు నెలల్లో వచ్చేవా ఏడాది పైబడినవా అని చెప్పగలిగేది నిపుణుడు. వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్‌లోనే, పరీక్ష చేస్తే తప్ప తేలని లోపమైతే పరీక్షకి పంపించాలని ఉంది. కారు విషయంలో మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ చేతో, ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీ మెకానికల్ ప్రొఫెసర్ చేతో తనిఖీ చేయించమని కమిషన్‌లో పిటిషన్ వెయ్యొచ్చు. అందుకే దయచేసి బండి రిపేరు చేయించొద్దు. మెకానిక్ ఇప్పటికే ఏదైనా విప్పి ఉంటే పాత పార్టులు పారెయ్యకుండా సంచిలో పెట్టి దాచు, ఏం చూశాడో తారీఖు వేసి రాసి సంతకం పెట్టమను. బండి బాగు చేయించుకుని వచ్చి కేసు వేద్దాం అనే వాళ్ళు నా దగ్గరికి చాలామంది వస్తారు, అప్పటికి చూపించటానికి ఏమీ మిగలదు, ఎంత న్యాయం వాళ్ళ వైపు ఉన్నా నేను చేతులు కట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది.

నువ్వు పంపిన కాగితాల్లో నీకు అర్థం కాలేదన్న 2024 నాటి పాత ఇన్సూరెన్సు పాలసీ నేను చూశాను, అందులో ఎన్‌సిబి సున్నా అని ఉంది. ఎన్‌సిబి అంటే క్లెయిమ్ చెయ్యని ఏడాదికి ఇచ్చే తగ్గింపు, మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై క్లెయిమ్ లేకుండా ఐదేళ్ళు నడిస్తే 50 దాకా పోతుంది, క్లెయిమ్ చేస్తే సున్నాకి పడిపోతుంది. 2019 లో కొన్న, ఒక్కరే నడిపిన, ఏ డ్యామేజీ లేని బండికి 2024 లో సున్నా ఎందుకుంది? 2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపాను మన బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ దానికి ముందు చెన్నైని ముంచేసింది, అక్కడ వీధుల్లో బళ్ళు తేలిన దృశ్యాలు నువ్వూ టీవీలో చూసే ఉంటావు. ఇది ఆధారం కాదు, అనుమానానికి దారి మాత్రమే, గుద్దిన క్లెయిమ్ కూడా అయ్యుండొచ్చు. కానీ కమిషన్‌కి కాగితాలు తెప్పించే సివిల్ కోర్టు అధికారాలు ఉన్నాయి, ఆ ఇన్సూరెన్సు కంపెనీ క్లెయిమ్ ఫైలు, సర్వేయర్ రిపోర్టు, చెన్నై సర్వీస్ సెంటర్ జాబ్ కార్డులు (బండికి ఏం రిపేరు చేశారో రాసే కాగితాలు) తెప్పించమని అడుగుదాం. వాటిల్లో నీళ్ళు అన్న మాట కనిపిస్తే ఇంక నీ బురద ఎప్పటిదో ఎవరూ వాదించలేరు. పాత ఓనర్‌ని కూడా ఒక పార్టీగా చేర్చటం మంచిది, ఆర్సీ కోసమూ ఈ వివరాల కోసమూ.

వాట్సాప్ మెసేజ్‌లు తీసెయ్యొద్దు, ఫోన్ మార్చొద్దు. ప్రింటుతో పాటు కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఫోన్లో ఉన్న ఇట్టాంటి రుజువులకి ఇచ్చే ధ్రువపత్రం) జత చెయ్యాలి, అది వకీలు తయారుచేస్తాడు.

బాడుగ సంగతి. దాచొద్దమ్మా, వాళ్ళే బయటపెడితే నీ మిగతా నిజాలు కూడా అబద్ధంలా కనిపిస్తాయి. లాభం కోసం వ్యాపారానికి కొన్నవాళ్ళు వినియోగదారులు కారు అని చట్టంలో ఉంది నిజమే, కానీ చూసేది కొన్నప్పుడు ముఖ్య ఉద్దేశం ఏమిటి అని. నాన్నగారి డయాలసిస్ చీటీలు, ఆసుపత్రి తారీఖులు ఉన్నాయి కదా, రెండు ట్రిప్పులతో అది వ్యాపారం అయిపోదు. బతుకుతెరువు కోసం తానే నడుపుకునే వాళ్ళకి కూడా చట్టం మినహాయింపు ఇచ్చింది. అయితే తెల్ల బోర్డు బండిని బాడుగకి తిప్పటం మోటారు వాహనాల చట్టం ప్రకారం తప్పే, మీ ఆయనకి ఇకపై వద్దని చెప్పు.

అసలు ఇప్పుడు ఆ బండి రోడ్డు మీదకి తియ్యకపోవటమే మేలు. వేరే రాష్ట్రం బండికి అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ రావాలి, ఇక్కడ లైఫ్ టాక్స్ కట్టాలి, అప్పుడు గానీ పేరు మారదు, అది అయ్యేదాకా ఏదైనా ప్రమాదం జరిగితే గాయపడ్డవాళ్ళ పరిహారానికి ఆర్సీలో పేరున్న ఆ చెన్నై ఆయన బాధ్యుడు అవుతాడు (సుప్రీంకోర్టు 2018 లో ఇదే చెప్పింది), నీ బండికి అయిన నష్టానికి మాత్రం పాలసీ నీ పేరు మీద లేదు కాబట్టి కంపెనీ నీకు రూపాయి ఇవ్వదు. పైగా ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతున్న బండిలో పెద్దాయన్ని కూర్చోబెట్టటం నాకు మనసొప్పటం లేదు. ఆర్సీ నీ పేరున లేదని కేసు ఆగదు, డబ్బు కట్టి కొన్నది నువ్వు, అది చాలు.

ఇక ఎట్టా వెయ్యాలంటే, ముందు స్పీడ్ పోస్టులో ఒక నోటీసు, 15 రోజులు గడువు. తప్పనిసరి కాదు గానీ నోటీసు అందాక కొందరు దిగొస్తారు. తర్వాత నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు, ఒంగోలు వైపు వాళ్ళయితే ఒంగోలు కమిషన్‌లో, ఎందుకంటే ఇప్పుడు కొన్నవాళ్ళు ఉండే చోట కూడా వెయ్యొచ్చు. కట్టిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, వకీలు కూడా తప్పనిసరి కాదు, ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో కూడా పెట్టొచ్చు. రాజీకే చూద్దాం అనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చేసి కూడా నమోదు చేసుకోవచ్చు, అక్కడ తేలకపోయినా నీ హక్కు పోదు. కేసు వెయ్యటానికి గడువు రెండేళ్ళు. కమిషన్ నోటీసు అందాక వాళ్ళు జవాబు వెయ్యటానికి 30 రోజులు, మహా అయితే ఇంకో 15, ఆ తర్వాత తీసుకోకూడదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 లో తేల్చేసింది, ఈ తారీఖు గుర్తుపెట్టుకో. పరీక్ష అవసరమైన కేసు ఐదు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది, వాస్తవంలో అంతకన్నా ఎక్కువే పడుతుంది, అబద్ధం చెప్పి నీకు ఆశ పెట్టలేను.

మీ బావగారు పోలీసు కేసు పెడదామన్నారని రాశావు. మోసం కింద పెట్టొచ్చు, కానీ స్టేషన్‌లో ఇది సివిల్ గొడవ అని తిప్పి పంపటమే ఎక్కువ, దాని వెంట తిరిగి నెలలు పోగొట్టుకోవద్దు. ముందు కమిషన్, క్లెయిమ్ ఫైలు చేతికొచ్చాక దాని సంగతి ఆలోచిద్దాం.

ఎంత వస్తుందంటే, బండి వాళ్ళకి తిరిగి ఇచ్చేసి 4,60,000 మొత్తం వడ్డీతో ఇప్పించమని మొదట అడుగు, అది కుదరకపోతే రిపేరుకయ్యే ఖర్చు, ధరలో తగ్గిన విలువ ఇప్పించమని రెండోది. ఒక్కటే అడిగి కూర్చుంటే ఒక్కోసారి రెండూ పోతాయి. నువ్వు రెండు నెలలు తిప్పావు కాబట్టి కొంత తగ్గించొచ్చు, దానికి సిద్ధంగా ఉండు. బంగారం మీద బ్యాంకు వేస్తున్న వడ్డీ కాగితాలు, బండి లాక్కొచ్చిన టోయింగ్ బిల్లు జత చెయ్యి. నాన్నగారిని వారానికి రెండు సార్లు ఇప్పుడు ఏ బండిలో తీసుకెళ్తున్నారో ఆ డ్రైవర్ దగ్గర ప్రతిసారీ రసీదు తీసుకో, చిన్న తెల్ల కాగితం మీద తారీఖు వేసి సంతకం పెట్టినా పర్లేదు, అవన్నీ కలిపి ఆ మొత్తం కూడా ఫిర్యాదులో అడుగుదాం.