ప్రపంచీకరణ, కొత్త యంత్రాలు ఆదాయాల మధ్య తేడాను పెంచుతున్నాయా?

పెంచుతున్నాయి. అలాగని అందరినీ పేదల్ని చేస్తున్నాయనడం తప్పు. మాది నెల్లూరు జిల్లాలో సముద్రం పక్కన ఊరు. నాన్న మూడెకరాల రొయ్యల గుంటలు కౌలుకు చేస్తారు. 2009లో వనామీ అనే రకం రొయ్యల సాగుకు దేశంలో అనుమతి వచ్చాక మా వైపు నాలుగు డబ్బులు కళ్లజూశాం. పెంకుటింటి చోట మిద్దె లేచింది, చెల్లెలి ఇంజినీరింగ్ చదువు ఆ గుంటల మీదే గడిచింది.

1988 నుంచి 2008 వరకు ప్రపంచ ఆదాయాలను లెక్కగట్టిన ఆర్థికవేత్త బ్రాంకో మిలనోవిచ్, ఆసియాలోని మధ్యస్థాయి జనం, ప్రపంచంలోని అతి సంపన్నులు బాగా లాభపడ్డారని చూపించారు. ఆ లెక్క ముగిసిన తర్వాతే అయినా, మేమూ అలా పైకి వచ్చినవాళ్లమే. ఊళ్లో లెక్క వేరు.

2025 ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు మన సరుకుల మీద 26 శాతం సుంకం ప్రకటించారు. మన రొయ్యకు పెద్ద మార్కెట్ అమెరికానే. అది అమలులోకి రాకముందే గుంట దగ్గర ధర పడిపోయింది. 'అన్నా, ఈ రేటుకైతే పట్టించు, రేపటి సంగతి చెప్పలేను' అన్నాడు వ్యాపారి. రొయ్యలు గుంటలో ఉన్నన్నాళ్లూ మేత వేయాలి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు రాత్రంతా తిరగాలి. నాన్న వల వేయించేశారు. వారం తిరక్కుండానే ఆ సుంకాన్ని వాయిదా వేశారు; అప్పటికే మా గుంట ఖాళీ. ముందే కట్టిన కౌలులో మాత్రం రూపాయి వెనక్కి రాలేదు.

యంత్రాల విషయమూ అంతే. పక్కనే నలభై ఎకరాలున్న రైతు మేత చల్లే యంత్రాలు పెట్టించారు, నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో ఫోనులో చూసుకుంటారు. అక్కడ తెప్ప మీద తిరుగుతూ మేత చల్లిన నలుగురిలో ఒక్కడే మిగిలాడు. మేం ఇప్పటికీ తెల్లవారుజామున టార్చి పట్టుకుని, రొయ్యలు గాలి కోసం పైకి తేలాయేమోనని గట్టు వెంట తిరుగుతాం. ఒక్క రాత్రి నిద్ర పట్టేస్తే పంటంతా పోతుంది.

అందరికంటే అడుగున ఉన్నది మా మేనత్త. రొయ్యలు ఒలిచే షెడ్డులో కిలో లెక్కన కూలి. సాయంత్రం ఇంటికొచ్చాక అన్నం కలుపుతుంటే చూడాలి, ఐసు నీళ్లలో నానిన వేళ్ల చివర్లు తెల్లగా ముడతలు పడి ఉంటాయి. సరుకు కదలని రోజు పనికి రమ్మని కబురే రాదు.

ధర పడితే కౌలు కూడా తగ్గాలని ఈసారి మాటల్లో నాన్న అడిగారు. గుంట యజమాని ఒప్పుకోలేదు. చుట్టుపక్కల కౌలుదారులందరం కలిసి వచ్చే పంటకు మళ్లీ అడగబోతున్నాం.