ఆదివారం వెళ్ళే ముందు

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఆవిడని సరిగ్గా చూడటం లేదని, ఆదివారం మీ నాయనమ్మ ఉంటున్న వృద్ధుల హోమ్‌కి వెళ్ళి వాళ్ళ సంగతి తేలుస్తానన్నావట. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తావట, మీ బాబాయిని ఆర్డీవో ట్రిబ్యునల్‌కి ఈడుస్తావట. విన్నప్పుడు ముందు గర్వంగానే అనిపించింది. మన ఇంట్లో ముసలివాళ్ళ కోసం ఇంతగా నోరు విప్పినవాళ్ళు లేరు. తర్వాత మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే మధ్యలోనే "తెలుసు పెద్దమ్మా" అంటావని పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను.

తెలిసినవి తొందరగా చెప్పేస్తాను. అగ్రిమెంటు, అడ్వాన్సు రసీదు, నెలనెలా కట్టిన డబ్బు లెక్క, మందుల చీటీలు అన్నీ ఒక ఫైల్లో పెట్టు. ఫోటో తీస్తే తేదీ కనపడాలి. అంతే.

ఇక ఏ గుమ్మం ఎక్కాలన్నది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం కింద దరఖాస్తులన్నీ ఆర్డీవో ఆఫీసులో నా టేబుల్ మీదుగానే వెళ్ళేవి. తప్పు గుమ్మానికి వచ్చి తిరిగి వెళ్ళినవాళ్ళని చాలామందిని చూశాను. ఆ ట్రిబ్యునల్ పిల్లల మీద, పిల్లలు లేకపోతే ఆస్తి అందుకునే బంధువుల మీద. నెలకి పది వేలకు మించకుండా భరణం ఇప్పిస్తుంది. అన్నం సరిగ్గా పెట్టని హోమ్ మీద కాదు. మీ బాబాయి నెల తప్పకుండా డబ్బు కడుతున్నాడు కదా, ఆయన్ని అక్కడికి లాగి ఏం చేస్తావు? చూడ్డానికి రాడంటావు. దానికి సెక్షన్ లేదమ్మా.

డబ్బు తీసుకుని చూసుకునే హోమ్ అయితే వినియోగదారుల కమిషనే సరైన చోటు. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు లేకుండానే వాదించుకోవచ్చు. 2019 నాటి వినియోగదారుల చట్టం వచ్చాక ఫిర్యాదుదారు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. జరిగిన రెండేళ్ళలోపు వేయాలి. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోకు. అయినా కమిషన్ అడ్వాన్సు వెనక్కి ఇప్పిస్తుందేమో గానీ ఈ రాత్రి ఆవిడ పక్కన మనిషిని పెట్టదు. ముందు 14567కి ఫోన్ చెయ్యి, అది వృద్ధుల హెల్ప్‌లైన్. సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకి కాగితం ఇస్తే వయోవృద్ధుల సంక్షేమం చూసే అధికారికి రాసి పంపుతారు. లాయరు కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళు. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ఇస్తారు, ఫోన్ 15100.

ఆవిడ మణికట్టు మీద నల్లగా ఉందన్నావట. ముందు బయటి డాక్టరుకి చూపించి రాయించుకో. గుండెకి రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళకి కాస్త పట్టుకున్నా కమిలిపోతుంది. కట్టేసిన గుర్తే అని డాక్టరు రాస్తే మాత్రం కమిషన్‌తో పని లేదు, పోలీసు కేసే. ఆ రోజే ఆవిడని బయటికి తెచ్చెయ్యి.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

మా మేనత్త గుర్తుందా? నీకు జంతికలు డబ్బాలో పోసి పంపేది. పిల్లలు లేరు, కాలు విరిగాక మంచం దిగలేకపోయింది. నాకు ఉద్యోగం. బస్సులో రెండు గంటల దూరంలో ఒక హోమ్‌లో పెట్టాం. రెండు వారాలకోసారి వెళ్ళేదాన్ని. 2012 ఎండాకాలంలో ఒక ఆదివారం వెళ్తే పెదవులు పగిలి ఉన్నాయి. వేడికేమో అనుకున్నా. తల దువ్వుతుంటే చెవి దగ్గరికి రమ్మని, "రాత్రిళ్ళు దాహమేస్తోందే" అంది. సాయంత్రం ఏడు దాటాక నీళ్ళు ఇవ్వడం లేదట. తాగితే రాత్రి లేపుతుందని, పక్క తడుపుతుందని ఆయాకి భయం.

నాకు ఒళ్ళు మండిపోయింది. తిన్నగా ఆఫీసు గదిలోకి వెళ్ళి బల్ల మీద కొట్టి మరీ అరిచాను. "మా అత్తే చెప్పింది, ఫలానా ఆయానే" అని పేరుతో సహా చెప్పాను. మేనేజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, సారీ మేడమ్ అన్నాడు. ఆయాని పిలిచి నా ముందే ఒకరోజు జీతం కోస్తున్నానన్నాడు. గెలిచానని సంబరపడ్డాను. అయిదు గంటల బస్సు పట్టుకుని ఇంటికొచ్చి హాయిగా పడుకున్నాను. అత్త అక్కడే పడుకుంది, ఆ ఆయా చేతికిందే.

రెండు వారాల తర్వాత వెళ్తే స్టీలు చెంబు నిండా నీళ్ళు, పైన గ్లాసు బోర్లించి ఉంది. స్టూలు మాత్రం కాళ్ళ వైపు జరిపి ఉంది. ఆవిడ లేవలేని మనిషి, చెయ్యి చాపినా అందదు. కనపడుతుందంతే. "ఎలా ఉంది అత్తా?" అంటే "బాగానే చూస్తున్నారే" అని గోడ వైపు తిరిగింది. తర్వాత నేను ఎన్నిసార్లు అడిగినా ఇంకో మాట చెప్పలేదు. ఒంట్లో నీళ్ళు లేక మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. నేను నిలదీస్తే మేనేజరు నింపాదిగా, "మాకు ఇంతవరకు మీ తరఫున ఫిర్యాదే రాలేదు మేడమ్" అన్నాడు. నిజమే. ఊళ్ళోవాళ్ళ కాగితాలన్నిటికీ ఇన్‌వర్డ్ నంబరు వేసి తేదీ ముద్ర కొట్టినదాన్ని, మా అత్త కోసం ఒక్క కాగితం రాయలేదు.

తర్వాత సెలవు పెట్టి ఇంటికి తెచ్చుకున్నాను. ఎనిమిది నెలలు ఉంది. రాత్రి ఎన్నిసార్లు నీళ్ళడిగినా విసుక్కోలేదని నాకు నేనే చెప్పుకుంటుంటాను. ఒకట్రెండుసార్లు విసుక్కున్నాను కూడా.

అందుకని, నా బంగారూ, ఆదివారం వెళ్ళగానే ఆఫీసు గదిలోకి దూరకు. ముందు మీ నాయనమ్మ దగ్గర తలుపు వేసుకుని కూర్చో. ఆవిడకి ఏం కావాలో ఆవిడ నోటితో విను. అడ్వాన్సు డబ్బు ఆవిడకి పట్టకపోవచ్చు, వేరే గది చాలనొచ్చు, అసలు ఎవరికీ చెప్పొద్దనొచ్చు. మతి స్థిమితంగా ఉన్న మనిషి, ఆవిడని కాదని ఏదీ చెయ్యకు. డబ్బు కట్టేది కొడుకైనా, ఉండాలా వెళ్ళాలా అన్నది ఆవిడ ఇష్టం. ఆవిడ సరేనంటే అప్పుడు కాగితం రాయి. "మా నాయనమ్మ చెప్పింది" అని కాదు, "ఫలానా తేదీన నేను చూశాను" అని. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద ముద్ర, సంతకం, తేదీ వేయించుకో. ముద్ర వెయ్యం అంటే స్పీడ్ పోస్టులో పంపు. పెద్ద ఫిర్యాదు చేసేముందు ఆవిడకి ఇంకో చోటు చూసి పెట్టు, లేకపోతే మా ఇంటి ముందు గది ఖాళీగానే ఉంది. అక్కడ నువ్వు తీసిన వీడియో ఎక్కడా పెట్టకు. పెట్టేశావా? తీసెయ్యి.

ఫిర్యాదు ఇచ్చాక మంగళవారం వెళ్ళు, గురువారం చీకటిపడే వేళకి వెళ్ళు. ఎప్పుడొస్తావో వాళ్ళకి తెలియకూడదు.

వెళ్ళేటప్పుడు పిల్లలు బడికి తీసుకెళ్తారే, గొట్టం ఉన్న సీసా, అది ఒకటి కొను. తలవైపు మంచం కోడుకి చేతికందేలా తాడుతో కట్టి, నీ ముందు ఒకసారి తాగి చూపించమను. నన్ను కూడా రమ్మంటే వస్తాను. నా మోకాళ్ళ నొప్పుల సంగతి మీ అమ్మకి చెప్పకు.

మీ పెద్దమ్మ